తాళంచెవి లేని డీసెంట్రలైజేషన్

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు జనగామలో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. సూది ఎట్లా వేయాలి, సెలైన్ ఎట్లా ఎక్కించాలి అని నన్నెవరూ అడగరు. అవి వాళ్లకు నాకంటే బాగా వచ్చు. వాళ్లడిగేది ఒక్కటే, ఇన్నేళ్లు పైవాళ్లతో ఎట్లా వేగారు మేడం అని. దానికి నా దగ్గర మంత్రమేమీ లేదు. ఒక ఇంగ్లీషు మాటతో నేను పడ్డ అవస్థ మాత్రం ఉంది. అది చెప్తాను, మీకేమైనా పనికొస్తే తీసుకోండి.

మాది తరిగొప్పుల. పెళ్లయ్యాక ఇల్లు జనగామలో పెట్టుకున్నాం గానీ, నా ఉద్యోగంలో చివరి భాగమంతా మహబూబాబాద్ జిల్లాలోనే గడిచింది. బయ్యారం దాటి లోపలికి వెళ్తే అడవి అంచున ఒక ఊళ్లో సర్కారు దవాఖానా. ఊరి పేరు చెప్పను, అప్పటివాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. చుట్టూ తండాలు, పత్తి చేలు. డాక్టరు, మందుల స్టోరు చూసే ఫార్మసిస్టు, స్టాఫ్ నర్సుగా నేను, ఊడ్చి తుడిచి అన్నిటికీ చేయందించే ఆయమ్మ. దవాఖానా అంటే దాదాపు మేమే.

ఆ డాక్టరు కుర్రాడు, హైదరాబాద్ మనిషి. ఆయన్ని చెడ్డవాడని అనలేను. టైముకు వచ్చేవాడు, పేషెంటును కసిరేవాడు కాదు. ముసలివాళ్లు చెప్పే పాత జబ్బుల కథలు కూడా చివరిదాకా వినేవాడు. ఆయనతో చిక్కల్లా హైదరాబాద్‌లో జరిగిన ఒక ట్రైనింగుకు వెళ్లొచ్చాక మొదలైంది. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లాడు. వచ్చేటప్పుడు ఆ మాట వెంటబెట్టుకొచ్చాడు.

మర్నాడు మమ్మల్నందర్నీ గదిలోకి పిలిచాడు. "ఇవ్వాళ్టి నుంచి మన దగ్గర అంతా డీసెంట్రలైజేషన్. చిన్న చిన్నవాటికి నా దగ్గరకు రావద్దు. ఎవరి పనికి వాళ్లే రాజు" అన్నాడు. గోడకు ఒక చార్టు అంటించాడు. అందులో ఎడమపక్క పనులు, కుడిపక్క మా పేర్లు.

బయటికొచ్చాక ఆయమ్మ నన్ను పక్కకు లాక్కెళ్లింది.

"డీసెంటుగ ఉండమంటున్నడా సిస్టరమ్మా? నేను ఎవల్ని ఏమన్న, జర చెప్పు."

నాకూ ఆ మాట పూర్తిగా తెలియదు. సెలవుకు ఇంటికెళ్లినప్పుడు మా ఆయన్ని అడిగాను. ఆయన బడిపంతులు. అధికార వికేంద్రీకరణ అన్నాడు. అది నాకు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంది. అప్పుడు ఆయన ఒకప్పుడు వరంగల్ ఒక్కటే జిల్లాగా ఉండేదని, ఇప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి దేనికదే జిల్లా అయ్యాయని, పెత్తనమంతా ఒకచోటే ఉండకుండా కిందిదాకా పంచడమే ఆ మాటకు అర్థమని విడమరిచాడు. మానుకోట అంటే మహబూబాబాదే, మేమంతా అట్లాగే అంటాం. అప్పుడు కొంత అర్థమైంది. ఇదివరకు జీతం పనిమీద వరంగల్ వెళ్లి ఆఫీసు బెంచీ మీద కూర్చునేదాన్ని, ఇప్పుడు మానుకోట వెళ్లి కూర్చుంటున్నాను. బెంచీ దగ్గరైంది, ఆ మాట ఒప్పుకోవాలి.

అర్థం తెలిశాక చార్టు మళ్లీ చదివాను. అప్పుడు మొదలైంది నా ఒళ్లుమంట.

జనరేటరు బాధ్యత నాదని రాసి ఉంది. డీజిల్ కావాలంటే డాక్టరు సంతకం కావాలి. మరుగుదొడ్ల శుభ్రం బాధ్యత ఆయమ్మది. ఫినాయిలు ఫార్మసిస్టు స్టోరులో ఉంటుంది. స్టోరు బాధ్యత ఫార్మసిస్టుది. కానీ డాక్టరు చీటీ లేకుండా ఆయన ఒక్క సీసా బయటికి ఇవ్వకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్తేనేమో, "అది డీసెంట్రలైజ్ చేశాను కదా సిస్టర్, మళ్లీ నా దగ్గరకెందుకు?" అంటాడు. పని ఎవరిదో తేలింది గానీ, ఆ పని చేసే దారి ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. ఇదివరకు ఫినాయిలుకు ఆయమ్మ ఒకరినే అడిగేది. ఇప్పుడు ఇద్దరి మధ్య తిరుగుతోంది.

కొన్నాళ్లకు మా దవాఖానాలో ఆ మాటకు వేరే అర్థం స్థిరపడిపోయింది. ఎవరైనా తన పని ఇంకొకరి నెత్తిన వేస్తే డీసెంట్రల్ చేసినట్టు. పంపు చెడిపోయి నెలైనా బాగుకాకపోతే అది డీసెంట్రల్‌లో ఉన్నట్టు. ఆయమ్మ వాళ్లింట్లో కూడా వాడేసింది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, కోడలు అంట్లు తనకు డీసెంట్రల్ చేసి పుట్టింటికి పోయిందని మొత్తుకుంది. నవ్వానుగానీ, నిజంగా నాకు నవ్వు వచ్చే కాలం కాదది.

ఎందుకంటే చార్టులో ఇంకో వరుస ఉంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే మందులు నేను ఎప్పటినుంచో వార్డులోనే ఒక ట్రేలో పెట్టుకునేదాన్ని. చేయి చాస్తే అందేవి. ఇప్పుడు అవి కూడా స్టోరుగదిలో ఇనుప బీరువాలోకి వెళ్లాయి. బీరువాకు మామూలు తాళం చాలదని బయట కొండి బిగించి ఇంకో ఇత్తడి తాళం వేశారు. తాళంచెవి ఫార్మసిస్టు దగ్గర. రాతపూర్వకంగా అప్పగించనిదే ఎవరికీ ఇవ్వకూడదు. నేను డాక్టరుతో గొడవపెట్టుకున్నాను. పాము కరిచినవాళ్లు రాతకోతలయ్యేదాకా ఆగరు సార్ అన్నాను. ఆయన శాంతంగా, "మీకు పేషెంట్ బాధ్యత, ఆయనకు మందు బాధ్యత. క్లియర్‌గా ఉంది కదా సిస్టర్" అన్నాడు. ఫార్మసిస్టును బతిమాలితే, "చెల్లే, నాకు రిటైర్మెంటు దగ్గర్ల ఉన్నది. గిప్పుడు నన్ను బద్నాం చెయ్యకు" అన్నాడు. ఆయన భయం ఆయనది.

వానాకాలం వచ్చింది. పత్తి చేలల్లో కలుపు పనులు జోరుగా నడుస్తున్నాయి. ఆ రోజు జిల్లా సమీక్ష ఉందని డాక్టరు పొద్దున్నే మానుకోట వెళ్లాడు. మందులు తెచ్చే పనిమీద ఫార్మసిస్టు కూడా వేరే దారిన వెళ్లాడు. తాళంచెవి ఆయన జేబులోనే వెళ్లింది.

మధ్యాహ్నం దాటాక ఒక ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. తండా నుంచి ఒక పడుచు పిల్లను దించారు. వెంట భర్త, అత్త. భర్త చేతులకు ఇంకా చేలో బురద ఉంది.

"పురుగు ముట్టిందక్కా" అన్నాడు.

మా వైపు పామును పేరుపెట్టి అనరు. ఎట్లాంటిదని అడిగితే పడగ ఎత్తిందని చెప్పాడు. మంచం మీద పడుకోబెట్టి చూశాను. కంటిరెప్పలు వాలిపోతున్నాయి. పేరడిగితే మాట ముద్దగా వస్తోంది. ఉమ్ము మింగలేక పెదవి చివర నుంచి కారుతోంది. మీలో పాముకాటు చూసినవాళ్లకు నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రెప్పల తర్వాత విషం ఊపిరి మీదికి వస్తుంది.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. వేరే కేసు మీద ఉంది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. ఆటోలో పంపుదామంటే మధ్యలో వాగు పొంగింది. చుట్టూ తిరిగి వెళ్లే దారిలో ఈ పిల్ల ఊపిరి నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఫార్మసిస్టుకు చేశాను, ఫోను కలవలేదు. డాక్టరు ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. పై ఆఫీసుకు చేస్తే ఎవరో ఎత్తి, నేను చెప్పిందంతా విని, మీ దగ్గర అంతా డీసెంట్రలైజ్ చేసినట్టు రిపోర్టు ఉంది కదమ్మా, మీ స్థాయిలోనే చూసుకోండి అని పెట్టేశాడు. నా జన్మలో నాకు అంత కోపం రాలేదు. మందు గోడకు అవతల ఉంది. దాని పేరు తెలుసు, ఎట్లా ఎక్కించాలో తెలుసు, అది ఏ అరలో ఉందో కూడా తెలుసు.

అంతలో డాక్టరే తిరిగి ఫోన్ చేశాడు. మీటింగు హాలు బయటికొచ్చినట్టున్నాడు. లక్షణాలు చెప్పగానే ఆయన గొంతు మారిపోయింది. విరుగుడు మందు వెంటనే ఎక్కించమని, ఎంత ఎక్కించాలో, ఒళ్లు దద్దురెత్తితే ఏం చేయాలో గబగబా చెప్పాడు.

"సార్, మందు బీరువాల ఉన్నది. తాళంచెవి లేదు" అన్నాను.

"తాళంచెవి..." అన్నాడు. ఆగాడు. ఆ తర్వాత ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్నల్ పోయింది.

మళ్లీ కలుస్తుందేమోనని ఫోను పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మంచం దగ్గర అత్త ఆ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఆపకుండా మాట్లాడుతోంది. నాకు ఆ భాష రాదు. కానీ నిద్రపోనియ్యకుండా ఏవో అడుగుతోందని, మొదట్లో మూలుగులాంటి జవాబు వచ్చేదని, ఇప్పుడు రావడం లేదని తెలిసింది.

నేను భర్త వైపు తిరిగాను. "గడ్డపార తెస్తవా తమ్మీ?"

ఎందుకని అతను అడగలేదు. పక్కింటికి పరుగెత్తాడు. ఆయమ్మ మాత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"సర్కారు బీరువా సిస్టరమ్మా. నౌకరి పోతది."

"పోతే పోనీ, నువ్వు బయటికి నడువు. నువ్వు చూడలేదని చెప్త" అన్నాను.

ఆమె బయటికి వెళ్లలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, గాజులు పైకి తోసుకుని, బీరువా ఊగకుండా రెండు చేతులతో కౌగిలించుకుంది. ఎందుకంటే లోపలున్నవన్నీ గాజు సీసాలు. గట్టిగా కొడితే తలుపుతోపాటు మందూ పోతుంది. ఆ పిల్ల భర్త గడ్డపార తెచ్చి మొదటి దెబ్బ వేయబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. కొట్టొద్దు, కొండి కింద మొన పెట్టి మెల్లగా ఎత్తమన్నాను. భార్య మూలుగు ఆగిపోయాక మెల్లగా పనిచేయడం ఎంత కష్టమో ఆ మొహంలో చూశాను. ఇనుము కిర్రుమంది, వంగింది, చివరకు కొండి ఊడి కింద పడింది. లోపలి తాళం కూడా అట్లాగే తీశాం. తలుపు ఒక పక్కకు ఒరిగిపోయింది. సీసాలు నిలబడే ఉన్నాయి.

ఆ తర్వాతిదంతా పని. పని మొదలైతే నాకు భయం ఉండదు. మందు కలిపాను, ఎక్కించాను. మధ్యలో ఆ పిల్లకు చలి పుట్టి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. దానికివ్వాల్సిన సూదిమందు కూడా ఆ బీరువాలోనిదే. బీరువా తెరవకపోతే అదీ అందేది కాదు. పక్కన కూర్చుని నాడి పట్టుకునే ఉన్నాను. చాలాసేపటికి అత్త ఏదో అడిగింది. ఆ పిల్ల గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. అత్త నా వైపు తిరిగి తెలుగులో, "నీళ్లు అడుగుతున్నది" అంది.

అంబులెన్సు వచ్చాక, దవాఖానాను ఆయమ్మకు వదిలి నేనూ ఆ పిల్ల వెంట చుట్టుదారిన మానుకోట వెళ్లాను. పెద్దాసుపత్రి గేటు దగ్గర మా డాక్టరు నిలబడి ఉన్నాడు. స్ట్రెచర్ వెంట లోపలికి పరుగెత్తాడు, రెప్పలెత్తి చూశాడు, అక్కడి డాక్టర్లతో తనే అన్నీ మాట్లాడాడు. ఆ పిల్లకు ఇక ప్రమాదం లేదని తేలాక వరండాలోకి వచ్చి చెమట తుడుచుకున్నాడు. బాగా చేశారు సిస్టర్ అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఇంతకీ తాళం ఎలా తీశారు?"

"తీయలేదు సార్. పగులగొట్టినం."

ఆయన మొహంలో రంగు పోయింది.

వారంలోపే నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు, బయటి వ్యక్తిని స్టోరులోకి రానిచ్చినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపండి అని. కింద మా డాక్టరు సంతకం. సరే, సర్కారు కొలువులో మెమోలు కొత్త కాదు, రాసిద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రం ఫార్మసిస్టు వచ్చి బల్ల పక్కన కూర్చునే వరకు నాకు అసలు సంగతి తెలియదు. ఆ తర్వాత జరిగిన ఇంకో జిల్లా మీటింగుకు డాక్టరుతోపాటు ఆయన కూడా వెళ్లాడట. మా డాక్టరు లేచి, డీసెంట్రలైజేషన్ వల్ల కింది సిబ్బంది కూడా సొంతంగా నిర్ణయం తీసుకుని ఒక ప్రాణం కాపాడారని చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

"నువ్వు మంచిగనే చేసినవ్ చెల్లే," అన్నాడు ఫార్మసిస్టు. "కని ఆ తలుపు ఇగ సక్కగ పడది."

మెమో చేతిలో పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

"చప్పట్లు మీకు, మెమో నాకు. ఇదేం పంపకం సార్?"

కిటికీ వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇదివరకు తాను పనిచేసిన చోట స్టోరులోంచి మందులు పోయాయట. ఎవరు తీశారో తేలలేదు, పెద్ద పోస్టులో ఉన్నాడని విచారణ ఆయన మీద పెట్టారు. అది ఇంకా తెగలేదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదట. ఈసారి ఏది పోయినా ఎవరి దగ్గర పోయిందో కాగితం మీద కనిపించాలని ఆ చార్టు వేసుకున్నాడు. ఆ మాట ఆయనకు అందుకే అంత నచ్చింది.

"నాకు భయం సిస్టర్" అన్నాడు.

ఆయన మీద జాలి కలిగింది. కోపం మాత్రం తగ్గలేదు. ఈ రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

"మీరు మాకు పంచింది ఆ భయాన్నే సార్," అన్నాను. "అధికారం మీ దగ్గర్నే ఉండె. ఆ రోజు ఫోన్ల తాళం పగులగొట్టమని ఒక్క మాట అంటరేమోనని ఎదురుచూసిన."

"అనేవాడినో కాదో నాకే తెలియదు" అన్నాడు ఆయన. సిగ్నల్ పోయినందుకు తాను మనసులో సంతోషించానేమోనని అప్పటినుంచీ నిద్ర పట్టడం లేదన్నాడు.

మెమో వెనక్కి తీసుకోమన్నాను. తీసుకోవడానికి వీల్లేదట. నంబరు పడింది, నకలు పైకి వెళ్లింది. జవాబు రాయకపోతే ఇంకో మెమో వస్తుందట. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చివరికి ఏమైందంటే, నా మెమోకు నా జవాబు ఆయనే కూర్చుని రాశాడు. నేను సంతకం పెట్టాను. ఆ జవాబు తృప్తికరంగా ఉందని ఆయనే మళ్లీ సంతకం పెట్టాడు. ఇంకే ఉద్యోగంలోనైనా ఇట్లాంటిది చూశారేమో మీరే చెప్పాలి.

తర్వాతి స్టాఫ్ మీటింగులో ఆయన చార్టు ముందు నిలబడ్డాడు. అలవాటుగా "డీసెంట్ర..." అని సగం అని, మానేశాడు. మాతో రోజూ మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మా యాస కొంచెం అంటుకుంది.

"నేను లేనప్పుడు మీకు ఏది సరైందనిపిస్తే అది చేయండి. మంచైతే మీ పేరు చెప్పుకోండి. తప్పైతే నా పేరు చెప్పుండ్రి."

ఆయమ్మ నా చెవిలో, గిది ముందుగాలనే చెప్తే అయిపోతుండె కదా అంది. ఆ మధ్యాహ్నమే ఫార్మసిస్టు ఎవరూ అడగకుండానే ట్రే మోసుకొచ్చి వార్డు బల్లమీద పెట్టాడు. పెట్టాక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, సొంత బిడ్డను హాస్టల్లో వదిలినట్టు.

మా ఆయన చెప్పిన అర్థం తప్పు కాదు. పెత్తనాన్ని పంచడమే ఆ మాట. కానీ పని ఒకరికిచ్చి తప్పును కూడా వాళ్లకే కట్టబెడితే అది పంపకం కాదు, దులుపుకోవడం. తప్పులో తాను సగం మోస్తానన్నవాడే నిజంగా ఏదైనా ఇచ్చినవాడు. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పగా నేను వినలేదు.

ఇక అంతా తెలిసినదాన్నని నేను గొప్పలు పోయేలోపు, ఈ మధ్య జరిగింది కూడా చెప్పేస్తాను. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో, ఘనపూర్ వైపు పల్లెలో నర్సు. చాలా చురుకైన పిల్ల. కానీ ప్రతిదానికీ నాకు ఫోను. మొన్నొక రోజు, నెలలు నిండిన గర్భిణికి బీపీ బాగా పెరిగిందట, డాక్టరు ఊళ్లో లేడు, అంబులెన్సు ఆలస్యం, వాళ్ల బంధువుల జీపు వాకిట్లో ఉంది. జీపులో పంపాలా, ఆగాలా మేడం అని అడిగింది. నాకు చిరాకొచ్చింది.

"నీకేమనిపిస్తున్నది?"

"మందిచ్చి, నేను కూడ జీపుల పోవాలె అనిపిస్తున్నది మేడం."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్? ఆమె ముందర నిలబడ్డది నువ్వా, నేనా?"

"నేనే" అంది. ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక నా ప్రాణం నా దగ్గర లేదు. జీపు ఎక్కడిదాకా పోయిందో, దారిలో ఏమైందో. ఆ రోజంతా ఫోను చేతిలోనే ఉంది. మా ఆయన అన్నం తినమని పిలిస్తే విసుక్కున్నాను. ఆ పిల్ల ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున ఇక ఆగలేక నేనే చేశాను. ఎత్తింది. వెనకనుంచి పసిగుడ్డు ఏడుపు వినిపిస్తోంది. ఎట్లున్నరు, దారిలో ఏం చేసినవ్, బీపీ ఎంతకొచ్చింది, అన్నీ ఒకేసారి అడిగాను.

"ఇద్దరు మంచిగనే ఉన్నరు మేడం," అంది. "జర పనిల ఉన్న, మళ్ల చేస్త."

నేను ఇంకా ఏదో చెప్పబోతుండగానే పెట్టేసింది.